మాదాపూర్‌లో మధ్యాహ్నపు నీడ

2025 మార్చి 20, గురువారం. మాదాపూర్‌లో మా ఆఫీసు వెనక బైకులు నిలిపే చోట, సిమెంటు నేల మీద సరిగ్గా మీటరు పొడవున్న కర్ర నిలబెట్టాను. పడిపోకుండా తూర్పున, పడమర, దక్షిణాన మూడు ఇటుకలు ఆనించాను. ఉత్తరం వైపు మాత్రం ఖాళీగా వదిలాను. మధ్యాహ్నం నీడ పడేది అటే. కర్ర నిటారుగా ఉందో లేదో తెలియడానికి దారానికి ఒక నట్టు కట్టి పక్కన వేలాడదీసి చూసుకున్నాను. పొద్దున పది నుంచి మీటింగుకీ మీటింగుకీ మధ్య కిందికి దిగొచ్చి, నీడ కొన ఎక్కడుంటే అక్కడ సుద్దముక్కతో చుక్క పెట్టి మళ్లీ లిఫ్టు ఎక్కుతున్నాను. నాలుగో చుక్క పెడుతుంటే సెక్యూరిటీ ఆయన దగ్గరికొచ్చాడు. పాలమూరు వైపు మనిషి, యాభై దాటిన వయసు.

"ఏం కొలుస్తున్నరు సార్? మెట్రో పిల్లరొస్తదా ఈడ?"

"లేదన్నా, నీడ కొలుస్తున్నా."

"నీడ కొలిస్తే ఏమొస్తది?"

ఈ అధ్యాయం మొత్తం ఆయనకి చెప్పాల్సిన జవాబే. ఆ రోజు సగం కూడా చెప్పలేకపోయాను. ఒంటిగంటకి ఇంకో కాల్ ఉంది.

మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి అవుతుందనుకుంటాం. మాదాపూర్‌లో ఆ రోజు అది 12 గంటల 24 నిమిషాలకి అయింది. ఇందులో 16 నిమిషాలు కాకినాడ బాకీ. మన దేశపు గడియారాలన్నీ 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. ఆ గీత కాకినాడ పక్కనుంచి పోతుంది. మనం దానికి నాలుగు డిగ్రీలకి పైగా పడమట ఉన్నాం. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు ఇక్కడి నడినెత్తి గీతకి అంత ఆలస్యంగా వస్తాడు. మిగతా ఏడున్నర నిమిషాలు సూర్యుడి సొంత బద్ధకం. భూమి కక్ష్య కాస్త కోలగా ఉండటం వల్ల, భూమి ఇరుసు వాలి ఉండటం వల్ల, ఏడాది పొడవునా ఆయన గడియారం కన్నా ముందో వెనకో ఉంటాడు. మార్చి 20 నాటికి ఏడున్నర నిమిషాలు వెనక.

12:24కి టేపు పెట్టి చూస్తే నీడ 31 సెంటీమీటర్ల మీద ఒక పిసరు. లెక్క ప్రకారం 31.4 ఉండాలి. ఆ నీడ మాదాపూర్ చిరునామా. ఆ రోజు విషువత్తు. విషువత్తు నాడు సూర్యుడు సరిగ్గా భూమధ్యరేఖ నెత్తి మీద ఉంటాడు కాబట్టి, మనకి ఆయన నడినెత్తి నుంచి ఎంత వాలి కనిపిస్తే భూమధ్యరేఖకి మనం అంత ఉత్తరాన ఉన్నట్టు. 31.4 సెంటీమీటర్ల నీడంటే దాదాపు 17.45 డిగ్రీల అక్షాంశం. ఫోన్‌లో జీపీఎస్ తెరిచి చూపిస్తే సెక్యూరిటీ ఆయన ఫోన్‌నీ కర్రనీ మార్చి మార్చి చూశాడు.

ఇదేం నా తెలివి కాదు. మన పంచాంగకర్తలు ఎన్నో వందల ఏళ్లుగా చేస్తున్నదే. పన్నెండు అంగుళాల శంకువు నాటి, విషువత్తు మధ్యాహ్నం దాని నీడ కొలిచి, ఆ నీడకి 'పలభ' అని పేరు పెట్టారు. హైదరాబాద్ పలభ మూడుంపావు... కాదు, మూడుముప్పావు అంగుళాలు, ఇంకాస్త. ఉజ్జయినిది అయిదు పైన. అక్షాంశం అనే కోణం మాట అక్కర్లేకుండానే, ఊరి పలభ ఒక్కటి తెలిస్తే అక్కడ ఏ రోజు పగలు ఎంతో, ఏ లగ్నం ఎప్పుడో లెక్క కట్టేవాళ్లు. జాతకం రాయించుకున్న ప్రతి ఇంట్లోనూ ఈ విషువత్తు నీడ ఏదో ఒక అంకెలో దాగి ఉంది. జాతకాల మీద నాకు నమ్మకం లేదు. ఆ నీడ మీద ఉంది.

రెండున్నరకి మళ్లీ కిందికెళ్లి ఆఖరి చుక్క పెట్టి, అన్నిటినీ దారంతో కలిపాను. సరళరేఖ. పడమర నుంచి తూర్పుకి గీత గీసినట్టు. ఇంకే రోజు చేసినా ఈ చుక్కలు వంపు తిరుగుతాయి. కారణం ఇలా ఊహించుకోండి. కర్ర కొసని తాకే కిరణాలు రోజంతా కలిపితే ఒక గొడుగు ఆకారం వస్తుంది. చలికాలంలో ఆ గొడుగు ఒకవైపు ముడుచుకుని ఉంటుంది, ఎండాకాలంలో రెండోవైపు. విషువత్తు నాడు మాత్రం పూర్తిగా విప్పుకుని పళ్లెంలా బల్లపరుపు అవుతుంది. పళ్లెం నేలని కోస్తే వచ్చేది తిన్నని గీత. గుడి కట్టేముందు తూర్పు తేల్చుకోవడానికి శంకువు పాతడం వెనక ఉన్నది ఈ నీడల లెక్కే. వాస్తు పేరుతో దిక్సూచి యాప్ పట్టుకుని ఫ్లాట్లో తిరిగేవాళ్లు ఆ గీత చూస్తే బాగుండేది.

*

విషువత్తు అంటే పగలూ రాత్రీ సమానమైన రోజని బళ్లో చదువుకున్నాం. మార్చి 20న హైదరాబాద్‌లో సూర్యుడు 6:20కి పొడిచి 6:27కి గుంకాడు. పగలు 12 గంటల 7 నిమిషాలు. పాఠం తప్పా? పాఠం సూర్యుణ్ణి చుక్కగా లెక్కేస్తుంది, మనం చూసేది పళ్లెం. పళ్లెం పై అంచు కనిపించగానే సూర్యోదయం అనేస్తాం. పైగా గాలి కిరణాల్ని వంచుతుంది కాబట్టి సూర్యుడు ఇంకా దిగంతం కిందే ఉండగా పైకి వచ్చినట్టు కనిపిస్తాడు. ఇవి రెండూ కలిసి పొద్దునా సాయంత్రం మూడున్నరేసి నిమిషాలు పగటికి అరువిస్తాయి. మనకి నిజంగా పగలూ రాత్రీ సరిసమానం అయ్యేది వారం ముందు, మార్చి 13 ప్రాంతంలో.

విషువత్తు రోజు కూడా కాదు, ఒక క్షణం. 2025లో అది మధ్యాహ్నం 2:31కి వచ్చింది. 2026లో మార్చి 20 రాత్రి 8:16కి, 2027లో మార్చి 21 తెల్లవారుజామున 1:55కి వస్తుంది. ఏడాదికి దాదాపు ఆరు గంటలు జరుగుతూ, లీపు సంవత్సరం రాగానే వెనక్కి వస్తుంది. భూమి ఇరుసు 23.4 డిగ్రీలు వాలి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే, ఆ వాలు సూర్యుడి వైపుకీ కాక, ఎదురుగానూ కాక, పక్కకి తిరిగే ఘడియ అది. ఋతువులు దూరాన్ని బట్టి వస్తాయనుకునేవాళ్లకి ఒక్క మాట: భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, మనం దుప్పట్లు కప్పుకునే రోజుల్లో.

ఆ 2:31కే ప్రపంచంలో ఇరానీయులు ఎక్కడ ఉన్నా అక్కడ కొత్త సంవత్సరం మొదలైంది. నౌరోజ్ తేదీకి కాక క్షణానికి కట్టిన పండగ. 1079లో ఆ కాలగణన దిద్దిన పండితుల్లో ఉమర్ ఖయ్యాం ఒకడు. మనం కవిగా తలుచుకునే ఆయన పగటి వృత్తి ఖగోళ గణితం. హైదరాబాద్‌లో ఇరానీ చాయ్ తెలియనివాళ్లు లేరు, ఆ చాయ్ తెచ్చినవాళ్ల సంవత్సరాది ఎప్పుడో తెలిసినవాళ్లు తక్కువ.

మన ఐటీ కారిడార్‌కి మాత్రం వసంతం ఇంకో దారిన వస్తుంది. మార్చి రెండో ఆదివారం అమెరికా గడియారాలు గంట ముందుకి జరుగుతాయి. సోమవారం రాత్రి ఎనిమిదికి ఉండే కాల్ ఏడుకి వచ్చి కూర్చుంటుంది. లండన్ వాళ్లు మార్చి ఆఖరి ఆదివారం దాకా జరపరు. ఆ రెండు మూడు వారాలు అమెరికా, బ్రిటన్, ఇండియా ముగ్గురూ ఉండే మీటింగులో ఎవరో ఒకరు గంట ముందో వెనకో వస్తారు, "సారీ, డేలైట్ సేవింగ్" అంటారు. హైటెక్ సిటీ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా వేల మంది భోజనం వేళలూ క్యాబ్ వేళలూ మారతాయి. ఎవరూ ఆకాశం వైపు చూడరు గానీ, మారింది ఆకాశం వల్లే. లండన్‌లో మార్చి నెలలో పగలు రోజుకి దాదాపు నాలుగు నిమిషాల చొప్పున పెరుగుతుంది. ఆ వెలుతురు నిద్రలో పోగొట్టుకోకూడదని వాళ్లు గడియారం జరుపుకుంటారు. మనకి పెరిగేది రోజుకి ఒక్క నిమిషం. ఏడాది మొత్తం మీద మన అతి చిన్న పగటికీ అతి పెద్ద పగటికీ తేడా రెండు గంటల పైచిలుకు, అంతే. అందుకే మన దగ్గర గడియారం ముట్టుకోవాల్సిన అవసరం లేదు. వాళ్ల అక్షాంశపు వసంతాన్ని మనం మన అక్షాంశంలో కూర్చుని అనుభవిస్తున్నాం.

డిష్ యాంటెన్నాలకీ మార్చి తెలుసు. మార్చి రెండో వారం అటూ ఇటూ రోజూ కొన్ని నిమిషాలు టీవీ బొమ్మ చెదిరిపోవడం గమనించే ఉంటారు. ఉపగ్రహం భూమధ్యరేఖకి 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. విషువత్తుకి కాస్త ముందు సూర్యుడు సరిగ్గా దాని వెనకనుంచి పోతాడు. డిష్‌కి ఉపగ్రహం గుసగుస వినబడకుండా సూర్యుడి హోరు కమ్మేస్తుంది. మన అక్షాంశంలో ఇది ముదిరేది మార్చి 12, 13 తేదీల్లో. ఇంకో పక్క అవే ఉపగ్రహాలు విషువత్తుకి మూడు వారాలు అటూ ఇటూ, అర్ధరాత్రి వేళ భూమి నీడలోకి వెళ్తాయి. అత్యధికంగా 72 నిమిషాలు చీకటి. ఆ సేపు బ్యాటరీల మీదే బతకాలి.

*

సెక్యూరిటీ ఆయన ప్రశ్నకి అసలైన జవాబు మాత్రం గేటు పక్క కానుగ చెట్టు దగ్గరుంది.

మన దగ్గర ఆఖరి మంచి వాన పడేది అక్టోబర్‌లో. ఆ తర్వాత అయిదు నెలలు నేల ఎండుతూనే ఉంటుంది. బోర్లు దిగిపోతాయి, గచ్చిబౌలిలో ట్యాంకర్ల బేరం మొదలవుతుంది. సరిగ్గా అప్పుడు, మార్చిలో, కానుగ ముదురాకులన్నీ దులిపేసుకుని రెండు వారాల్లో ఒళ్లంతా లేత పచ్చ చిగురు కట్టుకుంటుంది. రావి రాగి రంగు ఆకులు వేస్తుంది. మోదుగ ఒక్క ఆకు లేకుండా నిప్పు రంగు పూలు పూస్తుంది. చలి దేశాల వసంతం అర్థమవుతుంది: మంచు కరిగింది, నీళ్లొచ్చాయి, చెట్టు చిగిర్చింది. మన చెట్లకి నీళ్లు రావడానికి ఇంకా మూడు నెలలుంది. ఎండ రోజురోజుకీ ముదురుతోంది. ఇంత చెడ్డ కాలంలో, నీటిని అన్నిటికన్నా దుబారాగా వాడే లేత ఆకులు ఎందుకు వేస్తాయి?

వృక్షశాస్త్రజ్ఞులు దీన్ని ఋతుపవన అడవుల చిక్కుముడి అన్నారు. నీళ్ల సంగతి ముందు. చెట్టు పాత ఆకులు రాల్చడమే నీళ్లు కూడబెట్టడం. ఆకులు లేకపోతే ఆవిరయ్యేదీ లేదు, లోతు వేళ్లు తోడుతున్న కాస్త నీరూ కాండంలో నిలుస్తుంది. ఆ నిల్వతో చిగురు వేస్తుంది. జూన్‌లో వాన పడే వేళకి ఆకు ముదిరి పనికి సిద్ధంగా ఉంటుంది. వాన పడ్డాక చిగిర్చే చెట్టు ఆ నాలుగు నెలల చిన్న వానాకాలంలో మొదటి కొన్ని వారాలు ఆకులు తయారు చేసుకోవడానికే పోగొట్టుకుంటుంది. పైగా పొడి కాలంలో ఆకు తినే పురుగులూ తక్కువ.

మరి వాన సంకేతం లేకుండా, చలి సంకేతం లేకుండా, ఒకే జాతి చెట్లు దాదాపు ఒకేసారి ఎలా లేస్తాయి? 2002లో రివేరా, బోర్కెర్ట్, వాళ్ల సహచరులు వేర్వేరు దేశాల పొడి అడవుల్ని పోల్చి చూసి, చాలా జాతులకి మేలుకొలుపు పగటి నిడివి పెరగడమే అన్నారు. అరగంట, అంతకన్నా తక్కువ పెరుగుదలకే చెట్టు స్పందిస్తుందట. అన్ని చెట్లూ ఇలా కాదు, కొన్ని మొదటి జల్లు కోసమే కాచుకుంటాయి. కానీ ఈ సంగతి చదివాక రోజుకి ఒక్క నిమిషం అని నేను తేలిగ్గా రాసిన ఆ నిమిషం మీద గౌరవం పెరిగింది. ఏడాదిలో పగలు అతి వేగంగా మారేది విషువత్తుల దగ్గరే. డిసెంబర్ ఆఖర్లోనూ జూన్ ఆఖర్లోనూ వారం గడిచినా తేడా తెలియదు. మార్చిలో మాత్రం వారానికి ఏడు నిమిషాలు. చెట్టుకి గడియారం చూసుకోవాలంటే ముల్లు కదిలే చోటే చూసుకోవాలి కదా.

ఇక్కడ కారిడార్ గురించి ఒక అనుమానం చెప్పుకోవాలి. బ్రిటన్‌లో 2016లో అచ్చయిన ఒక అధ్యయనం, రాత్రి దీపాల వెలుతురు ఎక్కువగా ఉన్న చోట చెట్ల మొగ్గలు వారం రోజుల దాకా ముందే విచ్చుకుంటున్నాయని తేల్చింది. మన ఆఫీసుల అద్దాల గోడలు, ఫ్లైఓవర్ లైట్లు, దుర్గం చెరువు తీగల వంతెన మీద రంగులు రాత్రంతా వెలుగుతూనే ఉంటాయి. మైండ్‌స్పేస్ రోడ్డు పక్క కానుగనీ, కొత్తగూడ బొటానికల్ గార్డెన్ లోపలి కానుగనీ ఎంచుకుని, చిగురు వేసిన తేదీ నాలుగేళ్లు వరుసగా రాసుకునే ఓపిక ఉన్నవాళ్లకి ఇది మంచి పని. చెట్ల ఋతువుల్ని ఇలా పౌరులే నమోదు చేసే 'సీజన్‌వాచ్' మన దేశంలో 2010 నుంచి నడుస్తోంది.

*

చెట్టు సంగతి ఇలా ఉంటే, మన పంచాంగం సంగతేమిటి?

ఉగాది చంద్రుడికీ సూర్యుడికీ మధ్య రాజీ. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులు, సౌర సంవత్సరానికి 11 రోజులు తక్కువ. ఆ లోటు పూడ్చడానికి రెండున్నర, మూడేళ్లకోసారి అధికమాసం. అందుకే ఉగాది ఊగుతుంది: 2023లో మార్చి 22, 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో విషువత్తుకి ముందురోజు, మార్చి 19. తొందరగా వచ్చిన ఏడాది వేపపువ్వు కోసం కొమ్మకొమ్మా వెతుక్కోవాలి. ఆలస్యంగా వచ్చిన ఏడాది చెట్టు కిందే సగం రాలి ఉంటుంది. ఉగాది పచ్చడిని షడ్రుచులుగా వివరించే ఉపన్యాసాలు చాలా విన్నాం. నాకు మాత్రం అది ఋతువు రసీదులా కనిపిస్తుంది. కొత్త చింతపండు, కొత్త బెల్లం, మామిడి పిందె, వేపపువ్వు నాలుగూ తాజాగా ఒకే గిన్నెలో కలిసేది ఏడాదిలో ఆ కొద్ది వారాలే. ఇప్పుడు ఫోన్‌లో నొక్కితే పది నిమిషాల్లో ఆ నాలుగూ ఒక పొట్లంలో తలుపు దగ్గరికొస్తున్నాయి. వేపపువ్వు గేటు పక్కనే రాలి ఉంటుంది, ఊడ్చేవాళ్లు ఊడ్చేస్తుంటారు.

చంద్రుడి ఊగిసలాటకి అధికమాసం మందు ఉంది. మందు లేని జబ్బు ఇంకోటి ఉంది. భూమి ఇరుసు తిరుగుడు ఆగబోయే బొంగరంలా మెల్లగా తల తిప్పుతుంటుంది, ఒక చుట్టుకి దాదాపు 25,800 ఏళ్లు. దానివల్ల విషువత్తు నక్షత్రాల మధ్య వెనక్కి జారుతుంది. నక్షత్రాల్ని నమ్ముకున్న సంవత్సరం, ఋతువుల సంవత్సరం కన్నా 20 నిమిషాలు పొడుగు. ఇరవై నిమిషాలే, కానీ దాదాపు 71 ఏళ్లకి ఒక రోజు. ఒకప్పుడు మేష సంక్రాంతీ వసంత విషువత్తూ ఒకటే రోజు, సుమారు క్రీ.శ. 285 ప్రాంతంలో. ఇప్పుడు మేష సంక్రాంతి ఏప్రిల్ 14. అలాగే సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్లేది డిసెంబర్ 21, 22 తేదీల్లో అయితే మనం ఉత్తరాయణ పుణ్యకాలమని జనవరి మధ్యలో గొబ్బెమ్మలు పెడుతున్నాం. ఈ జారుడు పాతవాళ్లకి తెలియదనుకోవద్దు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు పూర్వం దక్షిణాయనం ఆశ్లేష మధ్యలో మొదలయ్యేదనీ తన కాలంలో కర్కాటకం మొదట్లో మొదలవుతోందనీ రాశాడు. చూసి, తేడా ఒప్పుకుని, రాసిపెట్టాడు.

ఇక్కడ సెక్యూరిటీ ఆయన నాకు పాఠం చెప్పాడు. "ఇప్పుడు ఉత్తరాభాద్ర కార్తె నడుస్తుంది సార్" అన్నాడు, నేను పంచాంగం తియ్యకముందే. నిజమే, మార్చి 17, 18 నుంచి నెలాఖరు దాకా అదే. రైతు కార్తెలు సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడో చెప్పే పక్షపు లెక్క. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం, మే 25 దగ్గర మొదలవుతుంది. మృగశిరలో ముంగిళ్లు చల్లబడతాయంటాం, జూన్ 7, 8. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేప ప్రసాదం పంచేదీ అప్పుడే. సామెత ఇవాళ అచ్చంగా సరిపోతోంది. కానీ 71 ఏళ్లకి ఒక రోజు లెక్కన వెనక్కి వెళ్తే, ఆర్యభటుడు 23 ఏళ్ల వయసులో లెక్కలు కట్టుకుంటున్న 499లో ఈ కార్తెలు ఋతువులతో పోలిస్తే మూడు వారాలు ముందుండేవి. మృగశిర మే మధ్యలో వచ్చేది, ముంగిళ్లు కాలుతూ ఉండేవి. కాబట్టి ఈ సామెత మనం అనుకున్నంత పాతది అయ్యుండదని నా నమ్మకం. ఇంకో పదిహేను వందల ఏళ్లకి రోహిణిలోనే వాన పడుతుంది, అప్పటి రైతు ఇంకో సామెత కట్టుకుంటాడు.

ఈ చిక్కు తేల్చడానికి 1952లో మేఘనాద్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘం వేశారు. నక్షత్రాల వర్ణపటాన్ని బట్టి వాటి వేడిని లెక్కకట్టే సమీకరణం ఇచ్చిన శాస్త్రజ్ఞుడు దేశంలోని పంచాంగాలన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. ఆ సంఘం చెప్పిన ప్రకారం 1957 మార్చి 22 నుంచి జాతీయ పంచాంగం అమలైంది. అందులో చైత్రం 1 అంటే మార్చి 22, లీపు సంవత్సరంలో మార్చి 21. అంటే భారతదేశపు అధికారిక సంవత్సరాది వసంత విషువత్తు దాటిన ఒకటి రెండు రోజులకే. చంద్రుడితో ఊగదు, నక్షత్రాలతో జారదు. గెజిట్ మీద ఆ తేదీ ఇవాళ్టికీ అచ్చవుతుంది. ఆ రోజు ఎవరైనా ఎవరికైనా శుభాకాంక్షలు చెప్పగా నేను వినలేదు. శాస్త్రం గెలిచి పండగ ఓడిన చోటు అది. పచ్చడి లేకుండా గెజిట్ ఒక్కటే పండగని నిలబెట్టలేదు.

హైదరాబాద్‌కి విషువత్తుతో ఇంకో పాత చుట్టరికం ఉంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా వేధశాల 1908లో బేగంపేటకి మారి, ప్రపంచంలోని పలు వేధశాలలు ఆకాశాన్ని పంచుకుని ఫోటోలు తీసిన మహా పథకంలో ఒక భాగం మోసింది. భూమి మీద రేఖాంశాలు గ్రీనిచ్ నుంచి కొలిస్తే, ఆకాశంలో కొలత మొదలయ్యే సున్నా వసంత విషువద్బిందువు. బేగంపేటలో గాజు పలకల మీద గుర్తించిన ప్రతి నక్షత్రం చిరునామాకీ మొదటి గడప ఆ బిందువే. ఆ గడపే జారుతుంటుంది కాబట్టి ఖగోళ పట్టికల్లో 'ఏ ఏటి విషువత్తు' అని కూడా రాయాల్సి వస్తుంది.

శ్రీకాకుళం దగ్గర అరసవల్లిలో ఇదే గణితం రాతిలో కనిపిస్తుంది. మార్చి 9, 10 తేదీల్లోనూ, అక్టోబర్ 1, 2 తేదీల్లోనూ ఉదయ కిరణాలు సూర్యనారాయణస్వామి పాదాల్ని తాకుతాయి. జనం కిటకిటలాడతారు. తేదీలు లెక్కపెట్టి చూడండి: మొదటిది వసంత విషువత్తుకి పది రోజులు ముందు, రెండోది శరద్విషువత్తుకి దాదాపు అన్ని రోజులే తర్వాత. ఆ రెండు సార్లూ సూర్యుడు భూమధ్యరేఖకి దక్షిణంగా దాదాపు ఒకే దూరంలో, దిగంతం మీద దాదాపు ఒకే చోట ఉదయిస్తాడు. ఒక్క దారి తెరిచి ఉంచితే ఏడాదికి రెండుసార్లు దర్శనం. ఆ రెండో విషువత్తు పక్కనే తెలంగాణలో తంగేడు, గునుగు పూలతో బతుకమ్మ పేరుస్తారు. పూలని పూజకి తెచ్చుకోవడం వేరు, పూలనే దేవతని చేసి పేర్చడం వేరు. ఋతువు పండగంటే నాకు మొదట గుర్తొచ్చేది అదే.

నా కర్ర నీడకి సరిగ్గా పది రోజుల తర్వాత, మార్చి 30న ఉగాది. ఆ రోజే లండన్ గడియారాలు మారాయి. ఆ రోజే మా ఆఫీసుకి కొద్ది దూరంలో, హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో బుల్‌డోజర్లు చెట్లు తోస్తుంటే విద్యార్థులు అడ్డంపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. దాదాపు వంద ఎకరాల్లో చెట్లు పోయినట్టు అప్పటికే కోర్టుకి నివేదిక వెళ్లింది. భూమి ఎవరిదన్న తగువులో నేను తీర్పరిని కాను. చిగురు వేస్తున్న వారంలోనే చెట్టు కొట్టడం మాత్రం, పంట పాలు పోసుకునేటప్పుడు చేను దున్నెయ్యడం లాంటిది. ఆ కంచలోని బండలకి 250 కోట్ల ఏళ్లు. 1998 నవంబర్‌లో సైబర్ టవర్స్‌ని ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించే నాటికి మాదాపూర్ చుట్టూ ఇలాంటి బండలే ఎక్కువ, భవనాలు తక్కువ.

సాయంత్రం కర్ర తీసేశాను. సుద్ద గీత మీద బైకులు నిలిపారు. మర్నాడు సెక్యూరిటీ ఆయన అడిగాడు: "మా ఊర్ల గూడ గింతే ఉంటదా సార్ నీడ?" ఉండదు. అదే ఈ లెక్కలో అందం.

మార్చి 20న, లేదా ఒక రోజు అటూ ఇటూ, మీరూ ఒక మీటరు కర్ర నిలబెట్టండి. ఆదిలాబాద్‌లో మధ్యాహ్నం 12:23కి నీడ 36 సెంటీమీటర్లకి కాస్త తక్కువ ఉంటుంది. హైదరాబాద్‌లో 12:24కి 31.4. విశాఖపట్నంలో 12:05కి దాదాపు 32. విజయవాడలో 12:15కి 29.6. తిరుపతిలో 12:20కి 24 పైచిలుకు. న్యూజెర్సీ ఎడిసన్‌లో మీ అమ్మాయో అబ్బాయో ఉంటే వాళ్లని కూడా కొలవమనండి. అక్కడి గడియారంలో మధ్యాహ్నం 1:05కి, 85 సెంటీమీటర్లు.